అడగని మూడో ప్రశ్న

మా అన్నయ్య కూతురు అమెరికాలో చదువుకుంటోంది. పోయిన నెలలో ఒక ఆదివారం, ఇంకా పాలప్యాకెట్లు కూడా రాకముందే, వాట్సాప్‌లో ఏడు పేజీల పీడీఎఫ్ ఒకటి పంపి కింద ఒక్క ముక్క రాసింది: "అత్తా, దీని మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టనా?" అద్దె ఒప్పందమో, బీమా కాగితమో అనుకుని కళ్లద్దాలు వెతుక్కుని చదివితే అది పిల్లి కాగితం. విశ్వవిద్యాలయం వాళ్ల వసతిలో మా పిల్లతో కలిసి ఉండే అమ్మాయి డాక్టరు సలహా మీద ఒక పిల్లిని తెచ్చుకుంటోంది. ఆఫీసు ఒప్పుకుంది. ఆ ఇంట్లో ఉండే మిగతావాళ్లకు సంగతి తెలుసని సంతకాలు కావాలి.

టీకాలు ఎప్పుడు వేయించాలి, పిల్లి దొడ్డికి వెళ్లిన మట్టిని ఎక్కడ పారేయాలి, మనిషి ఇంట్లో లేనప్పుడు దాన్ని ఎక్కడ ఉంచాలి, సోఫా చింపితే డబ్బు ఎవరు కట్టాలి, అన్నీ రాశారు. ఐదో పేజీలో ఒక గడి ఉంది. విద్యార్థి జబ్బుపడినా, ఊళ్లో లేకపోయినా వచ్చి ఆ జంతువును తీసుకెళ్లే మనిషి పేరు, ఫోను నంబరు అందులో నింపాలి. ఆ మనిషి క్యాంపస్ బయట ఉండేవారై ఉండాలి.

ఆ గడి దగ్గర ఆగిపోయాను. నాలుగేళ్ల కిందట మా దరఖాస్తులో అలాంటి గడి ఒకటి ఉంటే, రాగి ఆ రాత్రి అంతసేపు అరిచేది కాదు.

ఐదుగురు, నలభై నిమిషాలు

రాగి ఒక కుక్క. చింతపండుతో తోమిన రాగిచెంబు రంగు, చెవుల కొసలు మాత్రం నలుపు. జాతికుక్క కాదు. కైలాసగిరి కింద రోడ్డు పక్కన కూనగా దొరికితే మా హాస్టల్లో ఉండే ఒకమ్మాయి తెచ్చి పెంచుకుంది. నేను విశాఖలోనే ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతాను, మధ్యలో రెండేళ్లు అమ్మాయిల హాస్టల్ వార్డెన్‌గా కూడా చేశాను. కోవిడ్ తర్వాత హాస్టళ్లు మళ్లీ తెరిచిన రోజులవి. పరిశోధన చేస్తున్న ఆ అమ్మాయి కుక్కను గదిలో ఉంచుకోవడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టింది. డాక్టరు ఉత్తరం జతచేసింది.

రాగి ఆమెకు ఎందుకు అవసరమో ఇక్కడ రాయను. ఆ సంగతి ఐదుగురి కమిటీ ముందు ఒకసారి చెప్పించాం, అది చాలు.

ఆ ఐదుగురిలో నేనూ ఒకదాన్ని. "మాత్రలు వేసుకుంటే సరిపోదా?" "యోగా చేసి చూశావా?" "రేపు పెళ్లయ్యాక అత్తగారింటికి కూడా తీసుకెళ్తావా?" ఈ చివరిదానికి ఇద్దరు నవ్వారు. నేను నవ్వలేదు గాని, ఆపనూ లేదు. డాక్టరు ఉత్తరం చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరిగింది. టీ తెచ్చిన అటెండరు కూడా దాని మీద ఒక కన్ను వేసి వెళ్లాడు. మానసిక ఆరోగ్యం, చికిత్స వివరాలు గోప్యంగా ఉండడం మనిషి హక్కని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఒకరు న్యాయశాస్త్రం బోధించేవారే.

చివరకు అనుమతి ఇచ్చాం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో మానసిక అనారోగ్యమూ ఉంది. సంస్థ మీద మోయలేని భారం పడనంతవరకు తగిన సర్దుబాటు చేయాలన్న మాటా ఉంది. ఆ మాట ఎత్తింది నేనే. కింది అంతస్తులో, వరండా చివర, ఒక్కరే ఉండే గది ఇప్పించాను. ఆ సాయంత్రం బీచ్‌రోడ్డులో నడుస్తూ నా భుజం నేనే తట్టుకున్నాను, ఏదో న్యాయం గెలిపించినట్టు.

ఆ నలభై నిమిషాల్లో ఒక్క నిమిషమైనా కుక్క గురించి ఎవరూ మాట్లాడలేదని అప్పుడు నాకు తట్టలేదు. అదేం తింటుంది? పొద్దున ఎన్నింటికి బయటికి తీసుకెళ్లాలి? నీకు క్లాసు ఉన్నప్పుడు ఎక్కడుంటుంది? నీకే జ్వరం వస్తే? ఎందుకు అన్న ఒక్క మాట చుట్టూనే గానుగెద్దుల్లా తిరిగాం.

తాళం పగలగొట్టిన రాత్రి

నిజంగానే జ్వరం వచ్చింది. ఆగస్టు చివర, డెంగ్యూ. సాయంత్రం స్నానాలగది దగ్గర కళ్లు తిరిగి పడిపోతే తోటి అమ్మాయిలు ఆసుపత్రికి తీసుకెళ్లారు. గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఆమె సంచిలో ఉంది, సంచి ఆమెతోపాటే వెళ్లింది. ఫోనులో చార్జింగ్ లేదు.

పదకొండున్నరకు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "మేడమ్, చివరి గదిలో కుక్క ఒకటే అరుపు. పిల్లలు నిద్రపోవడం లేదు." ఎంవీపీ కాలనీ నుంచి ఆటోలో వెళ్లాను. రెండో తాళంచెవి ఆఫీసు సొరుగులో ఉంటుంది, సొరుగు తాళంచెవి కేర్‌టేకర్ దగ్గర ఉంటుంది, కేర్‌టేకర్ గాజువాకలో ఉంటాడు, ఆయన ఫోన్ ఎత్తడు.

తలుపు కింద సందులో దాని ముక్కు కనిపించింది. నల్లగా, తడిగా. ఊపిరి వదిలినప్పుడల్లా గడప దగ్గరి దుమ్ము కొంచెం జరిగేది, పీల్చినప్పుడు వెనక్కి వచ్చేది. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. కిటికీలోంచి టార్చి వేస్తే, నీళ్ల గిన్నె బోర్లా పడి ఉంది. పాపం, ఆపుకోలేక ఒక మూల తడిపింది. తిరిగి ఆ మూలకు వెళ్లడం లేదు. వరండాలో పదిహేను మంది అమ్మాయిలు. ఒకమ్మాయి తలుపు సందులోంచి క్రీమ్ బిస్కెట్టు తోస్తోంది. అందులో చాక్లెట్ ఉంది, చాక్లెట్ కుక్కలకు విషం అని ఇంకో అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకు లాగుతోంది. మర్నాడు పరీక్ష ఉన్న ఒకమ్మాయి పుస్తకం గుండెలకు హత్తుకుని కోపంతో ఏడుస్తోంది. ఆ అమ్మాయి ఏడుపులో న్యాయం లేదని నేను అనలేకపోయాను.

రెండున్నరకు ఇనపకడ్డీతో తాళం పగలగొట్టించాను. తలుపైతే తెరిచాం, తర్వాత ఏం చేయాలో మాలో ఒక్కరికీ తెలియదు. యజమాని తప్ప ఇంకెవరూ దాన్ని పట్టుకున్నది లేదు. వాచ్‌మన్ తువ్వాలు తాడులా మెలిపెట్టి మెడకు వేయబోయాడు. అది మా కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయింది. గేటు దగ్గర క్యాంపస్ కుక్కలు నాలుగు కాచుకున్నట్టే ఉన్నాయి. తెల్లారాక మెస్ వెనక నీళ్లట్యాంకు కింద దొరికింది. ఎడమ చెవి చీలి ఉంది.

మిగతాది ఆసుపత్రిలో జరిగింది. ప్లేట్‌లెట్లు పడిపోతున్న ఆ అమ్మాయి, తనను వెంటనే పంపేయమని డాక్టర్లతో గొడవ పెట్టుకుంది. "దానికి నేను తప్ప ఎవరూ లేరు" అని ఒకటే మాట. మనిషిని నిలబెడుతుందని అనుమతించిన కుక్క కోసం మనిషి సెలైన్ సూది పీక్కునేదాకా వచ్చింది. ఆరు రోజులు రాగి మా ఇంటి బాల్కనీలో ఉంది. నాకు కుక్కలంటే పెద్ద ఇష్టం లేదు. దానికీ నేనంటే అంతే. మొదటి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

అక్కడ రెండు ప్రశ్నలు

అమెరికాలో ఈ వ్యవహారం రెండు దారుల్లో నడుస్తుంది. ఫలానా పని కోసం శిక్షణ ఇచ్చిన సేవాకుక్క, అంటే చూపులేనివారిని నడిపించేది, మూర్ఛ వచ్చినప్పుడు మనిషిని కాచుకునేది, 1990 నాటి వికలాంగుల చట్టం కిందికి వస్తుంది. (పొట్టిగుర్రాలకు కూడా ఆ నియమాల్లో కాస్త చోటుంది, నమ్మండి.) అలాంటి కుక్కతో వచ్చిన మనిషిని సిబ్బంది రెండే ప్రశ్నలు అడగాలి. వైకల్యం వల్ల ఇది మీకు అవసరమా? ఏ పని చేయడానికి దీనికి శిక్షణ ఇచ్చారు? జబ్బేమిటని అడగకూడదు, కాగితాలు చూపమనకూడదు. శిక్షణ లేకుండా, పక్కన ఉండడమే పనిగా ఉన్న తోడు జంతువులది వేరే దారి. వాటికి ఇళ్ల అద్దెల్లో వివక్షను నిషేధించే చట్టం వర్తిస్తుంది. ఈ దారిలో మాత్రం అవసరం పైకి కనిపించకపోతే డాక్టరు మాట అడగవచ్చు.

హాస్టల్ ఇల్లా, కాదా? ఈ వాదన నెబ్రాస్కా విశ్వవిద్యాలయం కెర్నీ క్యాంపస్ విషయంలో కోర్టుదాకా వెళ్లింది. ఒక విద్యార్థిని తన చిన్నకుక్కను విశ్వవిద్యాలయం అపార్ట్‌మెంటులో ఉంచుకుంటానంటే కాదన్నారు. విద్యార్థుల వసతీ ఇల్లే అని 2013లో కోర్టు తేల్చింది. 2015లో ఇద్దరు విద్యార్థులకు 1,40,000 డాలర్లు ఇచ్చేలా రాజీ కుదిరింది. అమెరికా విశ్వవిద్యాలయాలు ఇప్పుడు పిల్లికి ఏడు పేజీలు రాస్తున్నాయంటే ఊరికే కాదు.

దుర్వినియోగమూ అక్కడే పుట్టింది. డబ్బు కడితే చాలు, మనిషిని చూడకుండానే ఉత్తరం ఇచ్చే వెబ్‌సైట్లు పుట్టుకొచ్చాయి. 2018లో న్యూజెర్సీలోని నెవార్క్ విమానాశ్రయానికి ఒకావిడ తోడు జంతువంటూ నెమలిని వెంటబెట్టుకుని వచ్చింది. చివరకు 2021 నుంచి, శిక్షణ లేని తోడు జంతువులను సేవా జంతువులుగా చూడాల్సిన పని లేదని విమానయాన సంస్థలకు వెసులుబాటు ఇచ్చారు. దొంగ ఉత్తరాలతో వచ్చినవారు విమానం దిగి వాళ్ల దారిన వాళ్లు పోయారు. నిజంగా అవసరం ఉన్నవాళ్లు మాత్రం ప్రతిచోటా రెండుసార్లు రుజువు చూపించుకోవలసి వస్తోంది.

ఆ రెండు ప్రశ్నల మర్యాద నాకు నచ్చింది. మేం అడిగిన నలభై నిమిషాల చెత్త పక్కన పెడితే మరీ నచ్చింది. అయితే వాటి పక్కన మూడోది ఒకటి ఉండాలంటాను. నువ్వు లేని రాత్రి దీన్ని ఎవరు చూస్తారు? మొదటి రెండింటిని ఎంత తక్కువగా అడిగితే అంత మంచిది. మూడోదాన్ని మాత్రం మొహమాటం లేకుండా అడగాలి, జవాబు కాగితం మీద పెట్టించాలి, పెట్టిన జవాబు నిజమో కాదో ఆ నంబరుకు ఒకసారి ఫోన్ చేసి చూడాలి. ఎందుకు అన్నది విద్యార్థి సొంత విషయం. ఎలా అన్నది మాత్రం ఆ వరండాలో ఉండే అందరి విషయం.

బొడ్డు చుట్టూ పద్నాలుగు

ఆ వరండాలో ఎవరెవరు ఉన్నారో కూడా చెప్పాలి.

మా హాస్టల్లో ఊడ్చే ఆమెకు యాభై దాటాయి. అనుమతి ఇచ్చిన వారం తర్వాత చివరి గది ముందు ఊడవడం మానేసింది. చెత్త అక్కడ పేరుకుపోతుంటే పిలిచి మందలించాను. ఏమీ మాట్లాడలేదు. చీరకొంగు కొంచెం పక్కకు తీసి పొట్ట చూపించింది. నాకేమీ కనిపించలేదు. "మచ్చలు పోయాయి మేడమ్, భయం పోలేదు" అంది. చిన్నప్పుడు పిచ్చికుక్క కరిచి, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకుందట. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ పాత మందును మన దేశంలో 2004 చివర్లో మానేశారు. ఇప్పుడు భుజానికి నాలుగైదు సూదులతో పోతుంది. ఆమె పొట్టకు మాత్రం ఆ లెక్క ఇంకా గుర్తుంది. ఆమెను అడగాలని కమిటీలో ఎవరికీ తోచలేదు. ఆమె జీతం రోజుకు ఇంత అని కాంట్రాక్టరు ఇస్తాడు. ఆమె అభిప్రాయానికి మా ఫైలులో కాగితమే లేదు.

పక్క గదిలో ఒకమ్మాయికి ఉబ్బసం. కుక్క బొచ్చు తగిలితే పిల్లికూతలు. (కుక్క వల్ల పిల్లికూతలు అని అమ్మాయిలు నవ్వుకునేవారు, ఇన్‌హేలర్ పట్టుకున్న పిల్ల కూడా.) ఎదురు గది అమ్మాయి రోజూ నమాజు చేస్తుంది. కుక్క చొంగ బట్టలకు తగిలితే మళ్లీ కడుక్కోవాలి. ఆమె ఏనాడూ ఫిర్యాదు చేయలేదు, నీళ్లు రాని రోజున మాత్రం గది తలుపు తీయకుండా కూర్చునేది. మడి కట్టుకునే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఇద్దరున్నారు. వాళ్ల అమ్మలు ఫోన్ చేసి నన్ను కడిగేశారు.

అలెర్జీ గాని భయం గాని సేవాకుక్కను కాదనడానికి సరైన కారణం కాదని అమెరికా నియమం. ఇద్దరికీ చోటు చూపాలి, ఒకరిని ఒక చివర, ఇంకొకరిని ఇంకో చివర. వినడానికి బాగుంది. కాని మా పిల్ల ఉండే వసతిలో గదికొకరు. మా దగ్గర గదికి ముగ్గురు, వరండాకు రెండే స్నానాలగదులు. ఆ నియమాన్ని అలాగే తెచ్చి ఇక్కడ అతికిస్తే, సర్దుకుపోయేది ఎప్పుడూ నోరు లేనివాళ్లే అవుతారు. ఉబ్బసం ఉన్న అమ్మాయిని పై అంతస్తుకు మార్చాను. మంచాలు, పెట్టెలు మోసింది ఆ అమ్మాయే. కుక్కను తెచ్చుకున్న అమ్మాయి వచ్చి ఒక చెయ్యి వేసి ఉంటే బాగుండేదని అప్పుడు అనిపించింది. వేయకపోవడానికి కారణం గర్వం కాదనీ, ఎదురుపడడానికే సిగ్గుపడిందనీ తర్వాత తెలిసింది.

ఊడ్చే ఆమె విషయంలో ఒక పని చేశాం, అదీ ఆలస్యంగా. ఉదయం తొమ్మిది నుంచి పది వరకు రాగి ఆ వరండాలో ఉండదు. యజమాని దాన్ని మైదానానికి తీసుకెళ్లాలి. ఆ గంటలో ఆమె ఊడ్చుకుంటుంది. ఇంతే. దీనికి చట్టం అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. ముందే అడిగి ఉంటే రెండు నెలల చెత్త మిగిలేది కాదు.

దానికీ ఒక ఒళ్లుంది

తోడు కుక్క గురించి మాట్లాడేవాళ్లు కుక్కను మందుసీసాలా మాట్లాడతారు. ఆ అమ్మాయి అలా చూడలేదని ముందే చెప్పాలి. పొద్దున్నే ఐదింటికి పాత పేపరు, ప్లాస్టిక్ కవరు పట్టుకుని వెనకాలే నడిచేది. రాగి వెళ్లిన చోటల్లా ఎత్తి, మూతి కట్టి, చెత్తబుట్టలో వేసేది. అంత శుభ్రంగా చేసేవారిని బీచ్‌రోడ్డులో ఖరీదైన కుక్కలను తిప్పేవారిలో కూడా నేను చూడలేదు. మూడు నెలలకోసారి నట్టల మందు, ఏడాదికోసారి రేబీస్ టీకా, కార్డు మీద పశువైద్యుడి సంతకం. టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషను యజమాని బాధ్యతేనని 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలూ చెబుతున్నాయి. ఈ పనుల్లో వాటా పంచడానికి ఏమీ లేదు, పూర్తిగా యజమానివే. ఇందులో నేను కటువుగానే ఉంటాను. టీకా తేదీ దాటితే కుక్క గదిలో ఉండకూడదు, డాక్టరు ఉత్తరం ఎంత పెద్దదైనా సరే.

అయినా జరగాల్సినవి జరిగాయి. విశాఖ ఉక్కపోత తెలిసిందే. మే నెలలో కరెంటు పోతే మనమైనా బయటికి వచ్చి కూర్చుంటాం. తాళం వేసిన గదిలో బండల మీద పడుకున్న కుక్క ఎక్కడికి వస్తుంది? ఈ తేమకు గోమార్లు వదలవు. చెవి వెనక, కాలివేళ్ల మధ్య ద్రాక్షగింజల్లా ఉబ్బి వేలాడేవి, వాటి నుంచి జ్వరం కూడా వచ్చింది. ప్రేమతో అమ్మాయిలు కిటికీలోంచి మెస్ సాంబారు అన్నం పెట్టేవారు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయని వాళ్లకు ఎవరు చెప్పారు? తలుపు మీద చీటీ అంటించమని ఆ అమ్మాయికి నేనూ చెప్పలేదు.

ఇంకోటి, దానికి సెలవు లేదు. గైడ్‌డాగ్‌కు ఒంటికి కట్టిన పట్టీ తీసేస్తే పని అయిపోయినట్టు దానికి తెలుసు. ఎనిమిది, పదేళ్ల వయసు వచ్చేసరికి విశ్రాంతి ఇస్తారు. రాగికి అలాంటి గంట లేదు. యజమాని నిద్రలో ఉలిక్కిపడితే లేస్తుంది, ఏడిస్తే దగ్గరికి వస్తుంది. పరీక్షల నెలలో ఆ అమ్మాయి ఎంత చిక్కిందో కుక్క కూడా అంతే చిక్కింది. సాయంత్రం ఒక గంట దాన్ని ఊరికే కుక్కలా ఉండనివ్వడం కూడా యజమాని బాధ్యతల్లో ఒకటి అంటే నవ్వుతారేమో గాని, నేను రాస్తే మొదటి పేజీలోనే రాస్తాను.

సెలవులంటే ఇంకో తంటా. ఆమెది పలాస. సంక్రాంతికి హాస్టల్ ఖాళీ చేయాలి. రైల్లో కుక్కను తీసుకెళ్లాలంటే ఫస్ట్ క్లాసులో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి, లేదంటే గార్డు పెట్టె పక్కన డబ్బాలో వేయాలి. డబ్బాలో ఆ అరుపు ఊహించుకుని కారు మాట్లాడుకుంది. అది స్కాలర్‌షిప్‌లో ఎంత భాగమో నేను అడగలేదు.

పండగ తేదీ ముందే తెలుస్తుంది. తుఫానుకు ఆ మర్యాద లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను క్యాంపస్‌లోనే ఉన్నాను. కిటికీ అద్దాలు పేలిపోతుంటే పిల్లల్ని మెట్లకింద కూర్చోబెట్టాం, తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు. అప్పుడు మా దగ్గర రాగి లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో విషవాయువు లీకైనప్పుడు మనుషులు పరుగెత్తారు, పశువులు అక్కడే పడి ఉన్న ఫొటోలు అందరం చూశాం. ఈ ఊళ్లో ఉంటూ, ఖాళీ చేయాల్సి వస్తే జంతువును ఎవరు విప్పుతారని రాసుకోకపోవడం మతిమరుపు అనిపించుకోదు, నిర్లక్ష్యం అనిపించుకుంటుంది.

ఎవరూ లేనివాళ్ల సంగతి

ఇదంతా మా విభాగంలో ఒక సహోద్యోగితో అన్నాను. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. నేను చెప్పినంతసేపూ విని, "మేడమ్, నేను హాస్టల్లో చేరినప్పుడు నా తెల్లకర్రను ఎవరు చూసుకుంటారని నన్నెవరూ అడగలేదు" అన్నారు.

"మీ కర్రకు ఆకలి వేయదు కదండీ" అన్నాను.

నవ్వారు. నవ్వు ఆగాక నెమ్మదిగా, "ఆ గడిలో రాయడానికి మనిషి ఉన్నవాళ్లకు కుక్క అంత అవసరం పడకపోవచ్చు. బయట ఎవరూ లేనివాళ్లే కదా కుక్కను తెచ్చుకునేది" అన్నారు.

దీనికి వెంటనే జవాబు దొరకలేదు. ఇప్పటికీ పూర్తిగా దొరకలేదు. మూడో ప్రశ్న అడగాలని నేనంటున్నాను. "ఎవరూ లేరు" అన్న జవాబు వస్తే? కాదని పంపేస్తే, ఒంటరితనానికి జరిమానా వేసినట్టవుతుంది. సరేనని ఊరుకుంటే, మళ్లీ తాళం పగలగొట్టే రాత్రి వస్తుంది. నాకు తోచింది ఇంతే: ఎవరూ లేరని నిజం చెప్పడం విద్యార్థి వంతు, ఒకరిని వెతికిపెట్టడం హాస్టల్ వంతు. అదేం పెద్ద పని కాదు. ముగ్గురు అమ్మాయిలు ముందుకొస్తే చాలు. వారానికి రెండుసార్లు యజమానితోపాటు కుక్కను తిప్పితే నెల తిరిగేసరికి దానికి వాళ్ల వాసన అలవాటవుతుంది. రెండో తాళంచెవి సీలు వేసిన కవరులో వాచ్‌మన్ దగ్గర. ఏం తింటుందో, ఏ మందు వాడుతుందో తలుపు లోపల చీటీ. ఊళ్లో జంతువులను నాలుగు రోజులు ఉంచుకునే చోట్లున్నాయి, 1996 నుంచి జంతువుల కోసం పనిచేస్తున్న వీఎస్‌పీసీఏ లాంటి సంస్థలున్నాయి. అవసరం రాకముందే వెళ్లి మాట్లాడుకోవాలి. అనుమతి మీద సంతకం పెట్టిన వార్డెన్ ఆ రాత్రికి బాధ్యురాలు కూడా. నేను సంతకం పెట్టి ఇంటికి వచ్చి పడుకున్నాను.

ఇప్పుడు కొత్త చిక్కు ఒకటి. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల నుంచి వీధికుక్కలను తొలగించాలని, తిరిగి అక్కడే వదలకూడదని సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించింది. ఆ ఆదేశాన్ని పట్టుకుని, క్యాంపస్‌లో కుక్క అన్నదే ఉండకూడదు అనేవాళ్లు ఇప్పుడు తయారయ్యారు. మొన్న ఒక సమావేశంలో ఈ మాట నా చెవులారా విన్నాను. ఆదేశం వీధికుక్కల గురించి. రాగి లాంటి రోడ్డు మీద దొరికిన నాటుకుక్కకూ, గేటు దగ్గర దాని చెవి చీల్చిన కుక్కకూ చూడ్డానికి తేడా ఏముంది? జాతి ఒకటే, ఊరు ఒకటే. మెడలో పట్టీ, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) లైసెన్సు, టీకా కార్డు, పిలిస్తే పలికే ఒక మనిషి, ఇవే తేడా. ఆ మనిషి ఆసుపత్రిలో పడ్డ రాత్రి రాగి కూడా కొన్ని గంటలు వీధికుక్కే అయింది. అందుకే ఆ గడి మీద నాకింత పట్టు.

ఆ అమ్మాయి పరిశోధన పూర్తిచేసి వెళ్లిపోయింది. రాగి పలాసలో ఉంది, మూతి దగ్గర తెల్లబడిందట. మా హాస్టల్లో ఆ తర్వాత ఎవరూ అలాంటి దరఖాస్తు పెట్టలేదు. అవసరం లేక కాకపోవచ్చు. ఆ నలభై నిమిషాల సంగతి వరండాల్లో బాగానే పాకింది.

మా పిల్లకు రెండు రోజుల తర్వాత జవాబు రాశాను. సంతకం పెట్టు, కాని పెట్టేముందు ఐదో పేజీలో ఎవరి పేరు రాశారో చూడు అన్నాను. చూసింది. పిల్లి యజమాని తన పిన్ని పేరు రాసిందట. ఆ పిన్ని ఉండేది కారులో తొమ్మిది గంటల దూరంలో. మంచు పడితే ఆ దారి మూసేస్తారు. పైగా ఆవిడకు ఈ సంగతే ఇంకా చెప్పలేదు.

"అయితే నా పేరు రాయమంటావా అత్తా? నాకు పిల్లులంటే భయం లేదు" అని అడిగింది. నీది క్యాంపస్ లోపలి అడ్రసు కదా, ఒప్పుకోరు అన్నాను. ఇద్దరూ కలిసి వెళ్లి వసతి ఆఫీసులో మాట్లాడతామంది. ఈ వారమంతా అక్కడ సెలవులట. సోమవారం తెరుస్తారు.